రథం ముగ్గు తాడు

జనవరి 9, శుక్రవారం

"పండుగ అయ్యేదాక మా ఇంట్ల ఉంటవా పరుశురాం?" అని బావ ఫోన్ చేస్తే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. హాస్టల్ మెస్ మూసేశారు. ఈ సెలవుల్లో థీసిస్ పూర్తి చేస్తానని మా గైడ్‌కు మాటిచ్చాను. తార్నాకలో రెండు గదుల ఇల్లు, టేబులు, ఫ్యాను, ప్రశాంతత. సంచీ సర్దుకుని క్యాంపస్ నుంచి నడిచి వచ్చేశాను. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటారని నాకు తెలియదా అంటే తెలుసు, మేనమామనే కదా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటారని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. హరిచందనది మూడో తరగతి, మనోజ్‌ది యూకేజీ.

అక్కను మొన్న ఆస్పత్రిలో చేర్చారు. ఏడో నెల. బిడ్డ అప్పుడే బయటికి రావాలని తొందరపడుతోందట. ఇంకొన్నాళ్ళు లోపల ఉండాలంటే తల్లి మంచం దిగకూడదట. బావ గూడ్సు బండి నడుపుతాడు, డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. బావ వాళ్ళమ్మ సమ్మక్కత్తమ్మ ఆస్పత్రిలో అక్క దగ్గర ఉంటోంది. ఇక మిగిలింది నేను.

ఆస్పత్రి ఈ వీధి చివరే. గేటు దగ్గర నిలబడితే రెండో అంతస్తులో అక్క గది కిటికీ కనబడుతుంది. పిల్లలను పైకి రానివ్వరు.

సాయంత్రం మనోజ్ ఏడుపు అందుకున్నాడు. "అమ్మ ఎప్పుడొస్తది మామా?"

"పండుగకు వస్తది."

టక్కున ఆపాడు. చందన మాత్రం నన్ను కాసేపు చూసి "ఒట్టా?" అంది. ఒట్టు అన్నాను. పిల్లల్ని చూసుకోవడం గురించి జనం అనవసరంగా భయపెడతారు.

అక్కను చూడ్డానికి రేపు వెళ్ళాలి. ఇవాళ ప్రయాణపు బడలిక.

జనవరి 10, శనివారం

అమ్మ పండుగకు వచ్చేసరికి సకినాలు సిద్ధంగా ఉండాలని చందన తీర్మానించింది. అందులో పెద్ద పనేముంది అన్నాను. కిరాణా కొట్టు నుంచి బియ్యప్పిండి ప్యాకెట్, నువ్వులు, వాము తెచ్చాను. నేల మీద అక్క పాత చీర పరిచాం. పిండి ముద్దను వేళ్ళ మధ్య మెలితిప్పుతూ బట్ట మీద చుట్టు చుట్టి, దాని చుట్టూ ఇంకో చుట్టు చుట్టాలి. చూస్తే అంతే. నా చేతిలో పిండి అర చుట్టు తిరిగి విరిగిపోయింది. అతికించాను. మళ్ళీ విరిగింది. మనోజ్ సకినాలు మానేసి రైలు చేశాడు. వాడి రైలే నయం, పట్టాల మీద నిలబడింది.

వేయించాక మనోజ్ ఒకటి నోట్లో పెట్టుకుని, తీసి, చూసుకున్నాడు. "మామా, ఇది పండ్లతోని తినాల్నా, సుత్తెతోనా?"

ఇంతలో పై వాటా జయమ్మగారు మెట్లు దిగి వచ్చారు. ఇల్లు వాళ్ళదే. వాళ్ళాయన శేషాద్రిగారు యూనివర్సిటీలో పనిచేసి రిటైరయ్యారు, సొంతూరు అనంతపురం పక్క. ఇన్నేళ్ళున్నా ఆవిడ మాట మాత్రం తార్నాకకు దిగిరాలేదు.

"ఏమప్పా, ఇంట్లో ఏమన్నా కాలతాందా?"

"సకినాలు జేస్తున్నం అమ్మా."

ఆవిడ ఒక సకినం తీసి గుమ్మానికేసి తట్టి చూశారు. గుమ్మం మోగింది. "మా పక్క ఇవి చెయ్యరు నాయనా. అయినా ఆ ప్యాకెట్టు పిండితో యేది చేసినా ఇట్లే ఉంటాది. బియ్యం నానేసి, తడి మీదనే పట్టించకపోతివా?"

ఆస్పత్రికి వెళ్దామనే అనుకున్నాను. ఒంటి నిండా నూనె వాసన. ఈ వాసనతో రోగుల మధ్యకు వెళ్ళడం పద్ధతి కాదు.

జనవరి 11, ఆదివారం

బియ్యం నానబోశాను. థీసిస్ కాగితాలు బయటికి తీశాను. వాటితో పతంగి చేశాం.

అంటే పతంగి పాత క్యాలెండర్‌తో చేశాం, చీపురు పుల్లలతో, అన్నం మెతుకులతో. తోకకే థీసిస్ వాడాం. రెండో అధ్యాయం, మా గైడ్ ఎర్ర సిరాతో సహా. ఇది చిత్తుప్రతేనని చందన నా చేత రెండుసార్లు చెప్పించుకుంది, అంతవరకు కత్తెర పట్టలేదు. వాళ్ళమ్మ లాంటిదే.

దారం కొట్లో మనోజ్ మాంజా కావాలని పేచీ పెట్టాడు. గాజుపొడి పూసిన ఆ దారంతో చేతులు కోసుకుపోతాయని సాదా దారం చుట్ట కొన్నాను. మొదట ముఖం ముడుచుకున్నాడు గాని, ఆ తర్వాత ఆ చుట్టను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చికలో పతంగి లేచింది. సున్నపురాయి గురించి నేను థీసిస్‌లో రాసిన మాటలు మొదటిసారి గాలిలో తేలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చందన ఉన్నట్టుండి అడిగింది. "మామా, ఆస్పత్రి ఎటు దిక్కు?"

"గాడ, ఆ చెట్లవతల."

దారం పట్టుకుని పతంగిని అటు నడిపించింది. "అమ్మకు కనబడ్తదా?"

"ఎందుకు కనబడదు."

తిరిగొచ్చేసరికి విజిటింగ్ అవర్ దాటిపోయింది.

జనవరి 12, సోమవారం

నానిన బియ్యం ఆరబోసి, చెమ్మ ఉండగానే గిర్నీలో పట్టించుకొచ్చాను. పిండి పట్టుకుంటే చల్లగా, మెత్తగా ఉంది. మొదట పిండితో చిన్న గౌరమ్మను చేసి బట్ట మధ్యలో పెట్టి పసుపు కుంకుమ పెట్టాలట. చందన చెప్పింది, చందనే చేసింది. "అమ్మ గిట్లనే జేస్తది" అంటూ ప్రతి పనికీ ఒక రూలు చెప్పింది. ఈసారి పిండి విరగలేదు. నేను చుట్టినవి కూడా గుండ్రంగా ఉన్నాయి, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే. బట్ట మీద కాస్త ఆరనిచ్చి వేయించాం. కరకరలాడాయి. ఒకటి పట్టుకెళ్ళి జయమ్మగారికి ఇస్తే ఆవిడ తిని రెండోది అడిగారు.

డబ్బా నింపి ఆస్పత్రి వాచ్‌మన్‌కు ఇచ్చి పైకి పంపాను. పైకి నేనే వెళ్ళొచ్చు గాని పిల్లలు గేటు బయట ఉన్నారు, వదిలేసి ఎలా వెళ్తాను.

అక్క వీడియో కాల్ చేసింది. ఎప్పుడు చేసినా ఫోన్ ఛాతీ మీద పెట్టుకుంటుంది, మాకు కనబడేది ఫ్యానే. "అమ్మ బదులు ఫ్యాన్ మాట్లాడుతది" అంటాడు మనోజ్. ఇవాళ ఫ్యాను నవ్వింది. "సన్నగ చుట్టింది చందన. రైలు పెట్టె మనోజ్‌ది. ఈ వంకరది మీ మామది. చిన్నప్పుడు అమ్మ చేస్తుంటె గూడ గిట్లనే చుట్టెటోడు."

పిల్లలు పడీపడీ నవ్వారు. తర్వాత అక్క అడిగింది. "తమ్మీ, నువ్వొక్కసారి పైకి రారాదు?"

"రేపొస్త అక్కా."

జనవరి 13, మంగళవారం

థీసిస్‌లో ఒక వాక్యం రాశాను. చదివి కొట్టేశాను.

ఆస్పత్రి లిఫ్టు పనిచేయడం లేదట. మెట్లెక్కడం నాకేం కష్టం కాదు. ఊరికే రాస్తున్నాను.

జనవరి 14, బుధవారం, భోగి

పొద్దున్నే వీధిలో మంట వేశారు. పనికిరానివి తెచ్చి వేయండిరా అని శేషాద్రిగారు అంటే మనోజ్ నా లాప్‌టాప్ సంచీ ఈడ్చుకొచ్చాడు. వాడి దృష్టిలో ఈ ఇంట్లో ఏ పనికీ రాని వస్తువు అదే. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

సాయంత్రం జయమ్మగారు మనోజ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి రేగుపళ్ళు, పూలరేకులు తల మీద పోశారు. మా వైపు అంత అలవాటు లేదు. వాడు మాత్రం మహారాజులా కూర్చుని, కింద పడిన రేగుపళ్ళన్నీ జేబులో వేసుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, "అమ్మ ఇయ్యాల వస్తదా, రేపా?" అన్నాడు.

"రేపు" అన్నాను.

చందన నన్ను చూడలేదు. రేగుపళ్ళు ఏరుతోంది.

జనవరి 15, గురువారం, సంక్రాంతి

చందన తలంటు పోసుకుని, కొత్త లంగా జాకెట్ వేసుకుని, పొద్దుటి నుంచి గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంది. పొంగలి తినమంటే "అమ్మ వచ్చినంక" అంది. మనోజ్ కూడా కాసేపు పక్కన కూర్చుని, ఆకలేసి లేచొచ్చాడు. మధ్యాహ్నం అయింది. ఎండ మెట్టు మీదికి వచ్చింది. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికి తేలికైనవన్నీ ముందే చెప్పేశాను.

పక్కన కూర్చున్నాను. "బిడ్డా, అమ్మ ఇయ్యాల రాదు."

"రేపా?"

"రేపు గూడ రాదు. లోపల పాపనో బాబో ఇంక చిన్నగున్నది. అది పెద్దగయ్యేదాక అమ్మ మంచం దిగొద్దు."

"మరి పండుగకు వస్తదని ఒట్టేసినవ్ గద."

చందన ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మామూలు గొంతుతో అడిగింది. "అమ్మ మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"నువ్వు చూసినవా?"

"ఫోన్ల..."

"ఫోన్ల ఫ్యానుంటది మామా. మమ్మల్నైతే పైకి రానియ్యరు. నువ్వు పెద్దోనివి గద. నువ్వు పోయి చూసినవా?"

లేదు అన్నాను. చందన లేచి లోపలికి వెళ్ళి కొత్త బట్టలు విప్పి, మడత పెట్టి, బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఇక్కడ రాసేది నేనొక్కణ్ణే చదువుతాను కాబట్టి రాస్తున్నాను. నాకు బడలికా లేదు, నూనె వాసన ఎవరికీ అడ్డం కాదు. మా అమ్మను చూడ్డానికి చివరిసారి ఎక్కిన ఆస్పత్రి మెట్లు నేను దిగేటప్పుడు నా చేతిలో అమ్మ చెప్పులున్నాయి. అక్క నా ముందు నడుస్తోంది. అప్పటి నుంచి ఆస్పత్రి మెట్లు చూస్తే నా కాళ్ళు పనిచేయవు. భయం. అక్కను మంచం మీద చూస్తే ఏమవుతుందోనని భయం. ఇంతే సంగతి. ఇందుకోసం ఎనిమిదేళ్ళ పిల్లకు ఒట్టేశాను.

సాయంత్రం జయమ్మగారు ముగ్గు డబ్బాతో దిగి చందన పక్కన కూర్చున్నారు. సంగతి ఎవరు చెప్పారో తెలియదు, మనోజే అయ్యుంటాడు. "రేపు కనుమ కదమ్మా, రథం ముగ్గు వెయ్యల్ల. నడుము వంగదు నాకు. నువ్వేస్తే నేను చెప్తా."

"రథం ఎందుకు?"

"పండగను సాగనంపేదానికి. రథం వేసి, దానికి తాడు గీస్తాము. ఆ తాడు మన గడప దగ్గర ఆగకూడదు. పక్కింటిదాకా పోవల్ల. వాళ్ళు వాళ్ళ రథం వేసి, దాని తాడు ఆ పక్కింటికి కలుపుతారు. మా ఊర్లో వీధి వీధంతా ఒకటే తాడు, యాడా తెగకూడదు."

చందన డబ్బా మూత తీసి చూసింది. "గీ వీధిల ఎవ్వరెయ్యరు గద. అప్పుడెట్ల?"

"అప్పుడు మన తాడే పొడుగు పోతాది."

జనవరి 16, శుక్రవారం, కనుమ

ఇవాళ్టిది వరసగా రాయాలి.

పొద్దున్నే చందన గేటు ముందు నీళ్ళు చల్లి రథం వేసింది. జయమ్మగారు కుర్చీలో కూర్చుని చుక్కలు చెప్పారు. చక్రాలు మనోజ్ వేస్తానన్నాడు. వేశాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అది గూడ్సు బండి చక్రమట. ఆపైన చందన తాడు మొదలుపెట్టింది. రెండు గీతలు, పక్కపక్కనే, వీధి పొడుగునా. ఎక్కడిదాకా అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

నిన్నటి నుంచి నాతో మాట్లాడని పిల్ల వెనక్కి తిరగకుండా "మామా, ముగ్గు" అంది. డబ్బా పట్టుకుని వెనకాల నడిచాను.

పక్కది శామ్యూల్‌గారి ఇల్లు. క్రిస్మస్ నక్షత్రం ఇంకా దింపలేదు. ఆయన కాఫీ గ్లాసుతో బయటికొచ్చి గీతలను చూశారు. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే చందన చెప్పేసింది. "తాత, ఇది మా రథం తాడు. అమ్మ దగ్గరికి పోతున్నది."

"అయితే నా స్కూటర్ అడ్డమున్నది గదా" అని ఆయన స్కూటర్ తీసి లోపల పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ పొడుగునా బండ్లన్నీ ఒక్కొక్కటే పక్కకు జరిగాయి. టిఫిన్ సెంటర్ ముందు ఒక ఆటో గీతల మీదుగా పోయింది. తాడు తెగకూడదని జయమ్మగారు చెప్పారుగా, చందన వెనక్కొచ్చి ఆ ముక్క మళ్ళీ గీసింది. ఇంకో ఆటో పోయింది. మళ్ళీ గీసింది. మూడో ఆటోవాడు ఆగి, తల బయటపెట్టి చూసి, చక్రం పక్కకు తిప్పుకుని పోయాడు.

ఆస్పత్రి ఇంకా కొంచెం దూరం ఉండగా ముగ్గు అయిపోయింది. పండుగ పూట కొట్లు మూసి ఉన్నాయి. నేను ఇంటికి పరుగెత్తి సకినాలకు పట్టించిన పిండిలో మిగిలింది తెచ్చాను. మిగతా తాడంతా బియ్యప్పిండితోనే. అది ఇంకా తెల్లగా వచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. లోపల గీయొద్దన్నాడు, అతని డ్యూటీ అతనిది. తాడు ప్రహరీ పక్కన ఆగిపోయింది. సరిగ్గా దాని మీద, రెండో అంతస్తులో కిటికీ. చందన తలెత్తి చూసింది. పిండి అంటిన చేతులు రెండూ అలాగే గాలిలో పెట్టుకుని నిలబడింది.

"ఇంక అమ్మ దగ్గరికి రాలే" అంది. అప్పుడు ఏడ్చింది.

మనోజ్ చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి దారం చుట్ట తీశాడు. నిద్రలో కూడా వదలని చుట్ట. చందన చేతిలో పెట్టాడు. "ఇది గూడ తాడే గద."

చందన కళ్ళు తుడుచుకుంది. ముఖమంతా పిండి. దారం కొసను రథం తాడు చివర ఒక రాయి కింద పెట్టి చూసింది, పైకి చూసింది, కొసను మళ్ళీ తీసి చుట్టను నాకిచ్చింది.

"నాయినమ్మను కిందికి పిలుస్త, ఆమె..." అన్నాను.

"నాయినమ్మ కాదు. నువ్వు పో మామా."

వెళ్ళాను. లిఫ్టు నిజంగానే పనిచేయడం లేదు. మెట్లు మామూలు మెట్లే, నాపరాళ్ళవి. మొదటి అంతస్తు దగ్గర ఆగాను. చేతిలో చెప్పులు లేవు, దారం చుట్ట ఉంది. దాన్ని చూసుకుంటూ మిగతావి ఎక్కాను.

అక్క మంచం కిటికీ పక్కనే. చిక్కిపోయింది. ముఖం మాత్రం వాచింది, అందుకే మాకు ఫ్యాను చూపిస్తోంది. చేతికి సెలైన్. మంచం కింద ఆమె చెప్పులు, ఒకటి ఇటు, ఒకటి అటు. నేను వంగి వాటిని తీయబోయాను.

"ఆడనే ఉండనియ్యి తమ్మీ" అంది అక్క. "నేనే ఏసుకొని నడుసుకుంట వస్త."

నా చెయ్యి ఆగిపోయింది. ఆమెకూ అమ్మ చెప్పులు గుర్తున్నాయి. ఇన్నేళ్ళూ నా ఒక్కడికే గుర్తున్నాయనుకున్నాను. ఏడ్చాను. సమ్మక్కత్తమ్మ "మగపిలగానివి, ఏడుస్తవేందిరా" అంటూ తనూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇగ ఏడిసింది చాలు. ఆ చేతుల ఏంది?" అంది అక్క.

చెప్పాను. రథం, తాడు, ఆటోలు, పిండి, అన్నీ. దారం కొస ఆమె చూపుడువేలికి చుట్టి, చుట్టను కిటికీ ఊచల మధ్య నుంచి కిందికి వదిలాను. దొర్లుకుంటూ విప్పుకుంటూ పోయి చందన కాళ్ళ దగ్గర పడింది. చందన దారాన్ని బిగువుగా పట్టుకుంది. మెల్లగా ఒకసారి లాగింది.

అక్క వేలు కదిలింది. అక్క ఊపిరి బిగబట్టి చూసింది ఆ వేలిని. తర్వాత తను లాగింది. రెండుసార్లు.

కింద నుంచి మనోజ్ కేక. "అమ్మ గుంజింది! మామా, ఫ్యాన్ కాదు, అమ్మ గుంజింది!"

"మెల్లగ గుంజుర్రి బిడ్డా, తెగుతది" అంటూనే ఉంది అక్క, వాళ్ళకు వినబడదని తెలిసి కూడా. ఒక చేత్తో దారం పట్టుకుని, రెండో చేత్తో పొట్ట నిమురుకుంటోంది.

జనవరి 17, శనివారం

ముగ్గు తాడు బండ్ల చక్రాలకు అంటుకుని తార్నాకంతా తిరుగుతోంది. బియ్యప్పిండి వేసిన చోట చీమలు బారు కట్టాయి. దారం మాత్రం ఉంది. నర్సమ్మ చూసి, దాన్ని తీయకండి, కిటికీ ఊచకు కట్టి పెట్టండి అందట. పిల్లలు పొద్దున పోయి ఒకసారి లాగి వచ్చారు. పై నుంచి రెండుసార్లు వచ్చింది.

ఇందాక చందన అడిగింది. "అమ్మ ఎప్పుడొస్తది మామా?"

"తెల్వదు బిడ్డా. డాక్టరమ్మకు గూడ తెల్వదట."

ఆలోచించి, సరే అన్నట్టు తలాడించింది. వంటింట్లోకి పోయి ఒక సకినం కాగితంలో చుట్టి తెచ్చింది. గౌరమ్మ పక్కన తను మొదట చుట్టిన సకినం, అమ్మ కోసం దాచిందట.

"ఇది అమ్మకియ్యి. మంచిగ చూసి రా. చూసొచ్చి నాకు చెప్పు."

విజిటింగ్ అవర్ ఇంకా మొదలు కాలేదు. చెప్పులేసుకుని కూర్చున్నాను.